బురద ఉద్యోగం

విమానం ఎక్కే ముందు బూట్లలోంచి గాలి తీయాలని నాకెవరూ చెప్పలేదు.

ఆంకరేజ్‌లో తెల్లవారుజామున వరసలో నిలబడ్డాను. ముందూ వెనకా దాదాపు అందరూ మగాళ్లే. అందరి ఒంటిమీదా ఒకే రకం మందపాటి కోటు, అందరి ముఖాల్లోనూ ఒకే రకం నిద్ర. పక్కనున్న పెద్దాయన నా కాళ్లవంక ఒకసారి చూసి, వంగి, నా ఎడమ బూటు పక్కనున్న చిన్న మరని వేళ్లతో తిప్పాడు. బుస్సుమంది. "పైకెళ్లాక ఉబ్బుతాయి. దిగగానే బిగించుకో" అన్నాడు. రెండోది నేనే తిప్పుకున్నాను, చిన్నప్పుడు సైకిలు ట్యూబు గాలి తీసినంత సిగ్గుగా.

వీటిని బన్నీ బూట్లంటారు. అమెరికా సైన్యం కోసం తయారైనవి. పైనా లోపలా తెల్ల రబ్బరు, ఆ రెండు పొరల నడుమ ఉన్ని, గాలి. బయటి చలి లోపలికి రాకుండా ఆపేది ఆ గాలే. ఆకాశంలో ఒత్తిడి తగ్గితే ఆ గాలే పెరిగి బూటుని పాడుచేస్తుంది. అందుకే ఆ మర. కాళ్లకి తొడుక్కున్నాక నడక మారిపోతుంది. పొలంగట్టు మీద తడి మట్టి అంటిన కాళ్లతో నడిచినట్టు, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుని వేయాలి. ఆ నడక నాకు కొత్తేం కాదు.

మాది కోనసీమలో రాజోలు దగ్గర ఒక ఊరు. నాన్న వరి రైతు, ఐదెకరాల ఆసామి. పెట్రోలియం ఇంజనీరింగు చదివి, అమెరికా వచ్చి, టెక్సాస్ బావుల మీద నేను చేరిన ఉద్యోగం పేరు మడ్ ఇంజనీరు. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద చిక్కదనం, బరువు చూసుకునేవాడన్నమాట. రిగ్గు మీద ఇంజనీరని కూడా అనరు, 'మడ్ మేన్' అంటారు. ఫోనులో ఈ మాట విడమరిచి చెప్పినరోజు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బురదలో కాలు పెట్టకూడదని నిన్ను చదివిస్తే, బురదకే ఇంజనీరువయ్యావుట్రా" అన్నారు. ఆ మాటలో కోపం ఎంతో, నవ్వు ఎంతో నాకిప్పటికీ తేలలేదు.

2020లో చమురు ధర పడిపోయినప్పుడు టెక్సాస్‌లో రిగ్గులు ఒకదాని తర్వాత ఒకటి పడుకున్నాయి. నా ఉద్యోగమూ పడుకుంది. ఆ తర్వాత దొరికిన పనులన్నీ ఆర్నెల్లకో, ఏడాదికో. చివరికి అలాస్కా ఉత్తరపు కొసన ప్రూడో బే నుంచి పిలుపొచ్చింది. రెండు వారాలు పని, రెండు వారాలు ఇల్లు. రోజుకి పన్నెండు గంటలు. హ్యూస్టన్‌లో మా ఆవిడ పటం తీసి చూసింది. "దీనికి పైన ఇంకేం లేదండీ, సముద్రమే" అంది. అమ్మాయి మాత్రం, అక్కడ తెల్ల ఎలుగుబంట్లుంటాయని తెలిశాక, నేను వెళ్లడానికి వెంటనే ఒప్పుకుంది.

ఆంకరేజ్‌లో ఒక రోజంతా తరగతి. చర్మం మీద తెల్లమచ్చ కనపడితే ఏమిటర్థం, నక్కకి తిండి ఎందుకు వేయకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట ముక్కుని ఎందుకు నమ్మకూడదు (ఎక్కువైతే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది), గాలిలో మంచు లేచి ఎదుటి బండి కనపడకపోతే ఎవరు ఎక్కడ ఆగిపోవాలి. చెప్పేవాడు ఏ ప్రమాదాన్నీ పెద్దది చేయలేదు. భయపెట్టకుండా చెప్పాడు కాబట్టే భయమేసింది.

విమానం ఉత్తరానికి తిరిగాక కిందంతా చీకటి. పదిగంటలవుతుండగా బ్రూక్స్ కొండల మీద నీలం రంగు వెలుగొకటి వచ్చింది. పొద్దు పొడుస్తోందనుకున్నాను. అది పొద్దు కాదు, పొద్దు తాలూకు పుకారు. అప్పటికి నవంబరు 24 ప్రాంతం నుంచి అక్కడ సూర్యుడు దిగంతం పైకి రాలేదు. కొండలు దాటాక నేల చాప పరిచినట్టయిపోయింది. అంత తెలుపులో ఎక్కడో పసుపు దీపాల గుంపులు. దీపావళి మర్నాడు ఆరకుండా మిగిలిపోయిన ప్రమిదల్లా ఉన్నాయి.

డెడ్‌హార్స్‌లో దిగాం. చచ్చిన గుర్రం అనే పేరు ఊరికెందుకొచ్చిందో ఎవరి కథ వాళ్లు చెబుతారు. నేను మూడు విన్నాను, మూడూ నమ్మలేదు. ఆ రోజు మైనస్ 37. విమానం మెట్ల మీద మొదటి శ్వాసకి ముక్కులో వెంట్రుకలు గట్టిపడి, గుండుసూదుల్లా గుచ్చాయి. రెండో శ్వాసకి దగ్గొచ్చింది. మూడోదానికి నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. మైనస్ 40 దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకే అంకె చూపిస్తాయని బళ్లో లెక్క చేయించారు. ఆ లెక్క ఎప్పటికైనా చర్మంతో చేయాల్సి వస్తుందని ఆ మాస్టారికీ తెలిసుండదు.

ఇక్కడ బండి ఇంజను ఆపరు. ఆపాల్సివస్తే కరెంటు తీగ తగిలించి ఇంజనుని వెచ్చగా ఉంచుతారు. క్యాంపుల ముందు బళ్లన్నీ గాటికి కట్టేసిన గేదెల్లా వరసగా, ఒక్కోదానికి ఒక్కో తాడుతో నిలబడి ఉంటాయి. ప్రతి బండి ఇంజను కిందా ఒక పళ్లెంలాంటి గుడ్డ పరుస్తారు. డక్ పాండ్, అంటే బాతుల చెరువు, దాని పేరు. ఇంజనులోంచి నూనె చుక్క కారితే అందులో పడాలి, మంచు మీద పడకూడదు. పడితే రాసి ఇవ్వాలి. టెక్సాస్‌లో నేను పనిచేసిన కొన్ని చోట్ల నేల నూనెతో నల్లగా ఉండేది, ఎవరూ వంగి చూసేవాళ్లు కాదు. చుక్క కోసం గుడ్డ పరిచేచోట బావులు వందలకొద్దీ ఉన్నాయన్నది కూడా నిజమే. 2006లో ఇక్కడే తుప్పు తిన్న ఒక పైపు చిల్లుపడి రెండు లక్షల గ్యాలన్లకి పైగా చమురు టుండ్రా మీదికి పోయింది. చుక్క కనపడుతుంది. పైపు లోపలి తుప్పు కనపడదు.

క్యాంపు తలుపు మన ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ తలుపులా ఉంటుంది, అదే మందం, అదే పిడి. తేడా ఏమంటే, ఇక్కడ చల్లటిది బయట. లోపలికి రాగానే బూట్ల మీద నీలం రంగు తొడుగులు వేసుకోవాలి. తిండికి లోటు లేదు. రాత్రి రెండింటికి వెళ్లినా వేడి మాంసం, మూడు రకాల తీపి. మద్యం లేదు, క్యాంపుల్లో నిషేధం. గదిలో సంచి విప్పితే అమ్మ పంపిన ఆవకాయ సీసా రాయిలా ఉంది. విమానం దగ్గర సామాన్లు బయట ఉన్న కాసేపట్లోనే పప్పునూనె పేరుకుపోయింది. సీసాని హీటరు పక్కన పెట్టి పడుకున్నాను. లేచేసరికి గదంతా మే నెల వాసన.

డెడ్‌హార్స్‌ని ఊరనొచ్చా అన్నది నాకు ఆ రెండు వారాలూ తెగని సంగతి. పనిచేసేవాళ్లు వేలల్లో ఉంటారు, స్థిరంగా ఉండేవాళ్లు పట్టుమని వందమంది ఉండరు. బడి లేదు. ముసలివాళ్లు లేరు, పసిపిల్లలు లేరు, 'మాది ఈ ఊరే' అనే మనిషి కనపడలేదు. ఎవరిని అడిగినా ఇంకెక్కడో ఊరి పేరు, ఇంకెన్ని రోజుల్లో వెళ్తారో ఆ లెక్క చెబుతారు. 1968లో ఇక్కడ చమురు పడింది. ఉత్తర అమెరికాలో అతి పెద్ద చమురు క్షేత్రం అని తేలింది. ఆ చమురు కోసం మనుషులు వచ్చారు, మనుషుల కోసం గదులొచ్చాయి. మా వైపు అంతా తలకిందులు. అక్కడ మనుషులు ముందు నుంచీ ఉన్నారు. చమురే వచ్చింది. రిగ్గు కొబ్బరితోటలో దిగేది, గ్యాసు మంట వరిచేల మధ్య వెలిగేది, పైపు ఇంటి వెనక దొడ్డిలోంచి పోయేది. రిగ్గు దిగిన చేను ఆసామికి పరిహారం దొరికేది, పక్క చేనాయనకి చప్పుడూ వెలుతురూ దొరికేవి.

నాకు రాత్రి పాళీ ఇచ్చారు. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు. కొత్తవాళ్లకి రాత్రే ఇస్తారట. పగలే లేనిచోట రాత్రి పాళీ అంటే ఏమిటని నవ్వుకున్నాను. మూడోరోజుకి నవ్వు పోయింది. పగటి పాళీవాళ్లకి మధ్యాహ్నం నాలుగైదు గంటలు ఆ నీలం వెలుగైనా దొరుకుతుంది. నేను పనికి వెళ్లేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు చీకటి, మధ్యలో నిద్ర. శరీరం లోపల గడియారం ఒకటుంటుందని పుస్తకాల్లో చదవడమే గానీ, అది ఆగిపోతే ఎలా ఉంటుందో అక్కడ తెలిసింది. ఆకలి వేళకి వేయదు. ఫోను చూస్తే పదకొండని ఉంటుంది, ఏ పదకొండో ఒక క్షణం ఆలోచించాలి.

రిగ్గు మాత్రం మరో లోకం. టెక్సాస్‌లో రిగ్గంటే ఆకాశం కింద నిలబెట్టిన ఇనప చట్రం. ఇక్కడ దాన్ని పూర్తిగా కప్పేసి లోపల వెచ్చగా ఉంచుతారు. దానికి చక్రాలుంటాయి. ఒక బావి అయ్యాక అంత ఎత్తు కట్టడమూ అలాగే కదిలి పక్క బావి దగ్గరికి వెళ్తుంది. మా ఊళ్లో రథం లాగినట్టే, కాకపోతే గోవింద కొట్టేవాళ్లు లేరు. నిలబడేది అడుగుల మందాన పరిచిన కంకర దిబ్బ మీద. ఆ కంకర లేకపోతే రిగ్గు వేడికి కింద నేల కరిగి కుంగిపోతుంది. ఎందుకంటే ఇక్కడ నేలంటే మట్టీ మంచూ కలిసి బిగుసుకున్న ముద్ద. కొన్నిచోట్ల ఆ గడ్డకట్టిన పొర దాదాపు 600 మీటర్ల లోతుకి ఉంటుంది.

అక్కడే నా పని మొదలవుతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బావి తవ్వేటప్పుడు పైపు లోపలి నుంచి బురదని పంపుతో కిందికి తోస్తారు. అది బిట్, అంటే రాయిని తొలిచే మొన, లోంచి చిమ్మి, నలిగిన రాతిముక్కల్ని మోసుకుని, పైపు చుట్టూ ఉన్న సందులోంచి పైకి తిరిగొస్తుంది. జల్లెళ్ల మీద ముక్కలు వేరైపోతాయి, బురద మళ్లీ తొట్టెల్లోకి పోతుంది. బిట్‌ని చల్లబరిచేదీ, గోడలు విరిగిపడకుండా పట్టుకునేదీ అదే. వీటన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకోటుంది. కింద రాతిలో ఒత్తిడితో ఉన్న గ్యాసూ చమురూ పైకి తన్నుకురాకుండా, బురద తన బరువుతో అణిచి ఉంచుతుంది. బరువు చాలకపోతే గ్యాసు వస్తుంది. ఎక్కువైతే రాయి పగిలి బురదే అందులోకి పోతుంది. ఈ రెంటికీ మధ్య సన్నటి గట్టు మీద నడవడమే మడ్ మేన్ బతుకు.

టెక్సాస్‌లో బురద వేడెక్కుతుందని బెంగ. ఇక్కడ పైపొర తవ్వినంతసేపూ బురద చల్లగా ఉండాలి. వెచ్చగా పంపామా, చుట్టూ ఉన్న మంచు కరిగి బావి గోడ జారిపోతుంది. కొన్నిచోట్ల ఆ మంచులో గ్యాసు కూడా బందీ అయి ఉంటుంది, అదీ విడుదలవుతుంది. సిమెంటు కూడా అంత చలిలో గట్టిపడేదీ, గట్టిపడేటప్పుడు ఎక్కువ వేడి పుట్టించనిదీ కావాలి. తమాషా ఏమంటే కింద, 9,000 అడుగుల దగ్గర, చమురున్న రాయి ఉష్ణోగ్రత 90 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు. ఈ నేల పైన గడ్డకట్టి, అడుగున ఉడుకుతూ ఉంటుంది. ఆ రెంటి మధ్యా రోజూ తిరిగేది బురదొక్కటే.

నాలుగో రాత్రి కొత్త బావి మొదలుపెట్టాం. మొదటి బురద బెంటొనైట్ మన్నుతో చిక్కగా కలిపాం. మార్ష్ గరాటు అని ఒకటుంటుంది. దాన్ని నింపి, ఒక క్వార్టు, అంటే లీటరుకి కాస్త తక్కువ, కారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. మంచినీళ్లకి 26 సెకన్లు. ఆ రాత్రి మా బురదకి నాలుగున్నర నిమిషాలు. గంటగంటకీ గరాటు చేతిలో పెట్టుకుని, గడియారం చూస్తూ, ఆ సన్నటి తీగ తెగకుండా జారడం చూస్తూ నిలబడేవాణ్ని. దమ్ము చేసిన చేలో నాన్న మడమతో బురద నొక్కి, "ఇంకో చాలు పడాలి" అనేవారు. ఆయనకి గరాటు అక్కర్లేకపోయింది.

ఆ నాలుగున్నర నిమిషాల్లో మనిషి ఏదో ఒకటి తలుచుకుంటాడు. జనవరి నెల, చేతిలో బురద, కింద గ్యాసు. నాకొచ్చింది పాశర్లపూడి.

1995 జనవరి 8. నాకు తొమ్మిదేళ్లు. సాయంత్రం చప్పుడు వినపడింది, విమానం కిందికి దిగొస్తున్నట్టు. చప్పుడు ఆగలేదు, విమానం రాలేదు. రాత్రికి తూర్పున ఆకాశం ఎర్రబడింది. పాశర్లపూడిలో తవ్వుతున్న గ్యాసు బావి తన్నుకొచ్చి అంటుకుంది. అది 65 రోజులు ఆగకుండా కాలింది. దగ్గర ఊళ్లవాళ్లు పిల్లాపాపల్తో, గొడ్డూగోదాతో బంధువుల ఇళ్లకి చేరారు. మా ఇంట్లోనూ రెండు కుటుంబాలు ఉండేవి. అర్ధరాత్రి మా అరుగు మీద నీడలు పడేవి. కోళ్లు వేళకాని వేళ కూసేవి. ఆ ఏడు మా వీధిలో ఎవరూ భోగిమంట వేయలేదు. "అదొకటి చాలదా" అంది నానమ్మ. మంటార్పడానికి అమెరికా నుంచి మనుషులొచ్చారని చెప్పుకునేవారు. జీపులో పోతున్న ఒక ఎర్రటి మనిషిని చూసి మేము వెంటబడి పరిగెత్తాం. మార్చి 15న అది ఆరింది. ఆ రాత్రి చీకటి పడితే నాకు భయమేసింది. చీకటి అంత నల్లగా ఉంటుందని మర్చిపోయాను.

ఆ బావిలో ఏం జరిగిందో నేను తీర్పు చెప్పే మనిషిని కాను. కానీ పెద్దయ్యాక చదువులో, గ్యాసుకి అడ్డంపడే మొదటి గోడ బురదే అని చదివినరోజు, ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి బయటికెళ్లిపోయాను. ఈ ఉద్యోగం జీతం కోసమే చేస్తున్నానని అందరికీ చెబుతాను. చాలావరకు నిజం.

తొట్టెల దగ్గర నాతోపాటు రాత్రంతా ఉండే పిట్ వాచర్ ఇన్యూపియాట్ మనిషి. అమెరికా చిట్టచివరి ఉత్తరపు ఊరు ఉట్కియాగ్విక్ అతనిది. పాత పటాల్లో బారో అని ఉంటుంది, 2016లో జనం ఓటేసి పాతకాలపు పేరు తిరిగి పెట్టుకున్నారు. నేను అక్కడ కలిసినవాళ్లలో ఇంటికి వెళ్లడానికి దక్షిణానికి వెళ్లక్కర్లేని మనిషి అతనొక్కడే. తక్కువ మాట్లాడతాడు. తొట్టెలో బురద మట్టం రెండంగుళాలు మారితే నాకంటే ముందు చెబుతాడు.

ఒక రాత్రి అడిగాను, ఈ చమురు మీకు మేలు చేసిందా కీడు చేసిందా అని. అడిగాక, అది పరాయివాళ్లడిగే ప్రశ్న అని నాకే అనిపించింది. అతను కోప్పడలేదు. "మా బడి, మా నీళ్ల గొట్టాలు దీని మీద వేసిన పన్నుతోనే వచ్చాయి. తిమింగలం ఇంకా వస్తోంది. వచ్చినంతకాలం నేను ఈ పని చేస్తాను" అన్నాడు. తిమింగలం వేట వాళ్లకి తిండీ, పండగా రెండూ. వేటకాలంలో సెలవు పెట్టి వెళ్లిపోతాడట. ఆ సెలవు ఇవ్వకపోతే ఉద్యోగమే మానేస్తానని చేరినరోజే చెప్పాడట.

చమురు పడ్డాక, దక్షిణానికి గొట్టం వేయాలంటే ముందు ఈ నేల ఎవరిదో తేలాల్సి వచ్చింది. 1971లో అమెరికా చట్టం చేసి అలాస్కా ఆదివాసులకి 4 కోట్ల 40 లక్షల ఎకరాలు, 96 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పుకుంది. మిగతా నేల మీద వాళ్ల హక్కుల్ని అదే చట్టంతో రద్దుచేసింది. అది న్యాయమా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. రాష్ట్రం కూడా 1976లో చమురు రాబడిలో కొంత దాచే నిధి పెట్టి, 1982 నుంచి ఏటా ప్రతి నివాసికీ చెక్కు పంపుతోంది. మొదటిది వెయ్యి డాలర్లు. మా ఊళ్లో గొట్టం వేసినప్పుడు నేల ఎవరిదని ఎవరూ అడగలేదు, మాదేనని అందరికీ తెలుసు కాబట్టి. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా పోయారు. ఇదంతా అతనికి చెప్పాను. "ఇళ్ల మధ్యనా?" అని ఒక్కటే అడిగాడు. అవునన్నాను. మళ్లీ మట్టం చూడ్డానికి వెళ్లాడు.

ఒకరోజు నిద్ర మానుకుని, వెలుగున్న వేళ, లూసియానా నుంచి వచ్చిన పగటి మడ్ మేన్‌తో బండిలో వెళ్లి ఆ గొట్టం మొదలు చూశాను. 48 అంగుళాల వెడల్పు, 1,287 కిలోమీటర్ల పొడుగు, మూడు కొండల వరసలు దాటి వాల్డీజ్ రేవు దాకా. 1977 జూన్ 20న చమురు వదిలారు. సగానికి పైగా నేలకి పైనే, ఇనప కాళ్ల మీద నడుస్తుంది, వేడి చమురు కింది మంచుని కరిగించకుండా. కాళ్లలో అమోనియా నింపిన గొట్టాలు నేలలోని వేడిని లాగి గాల్లోకి వదులుతాయి. 1988లో రోజుకి 20 లక్షల పీపాలు పారింది. ఇప్పుడు 5 లక్షలకి లోపే. తగ్గిన చమురు మెల్లగా పోతుంది, మెల్లగా పోయేది చల్లారుతుంది, చల్లారితే మైనం పేరుకుంటుంది. ఒకప్పుడు ఐదు రోజుల్లోపే చేరేది ఇప్పుడు రెండు వారాలకి పైగా తీసుకుంటుంది. కాలవ కింద శివారు భూములకి నీళ్లు చేరే కథే, మా నాన్నకైతే విప్పి చెప్పక్కర్లేదు. నా పక్కనున్నాయన బండి దిగలేదు. "నువ్వు చూడు, నేను పదహారేళ్లుగా చూస్తున్నాను" అని కాఫీ తాగుతూ కూర్చున్నాడు. గొట్టం కింద తెల్లనక్క ఒకటి మమ్మల్ని చూసి, మాలో తినేదేం లేదని తేల్చుకుని, వెళ్లిపోయింది.

భోగినాడు అమ్మ వీడియోలో మంట చూపించింది. అగ్గిపుల్ల జేబులో ఉంటేనే నేరమైన చోట కూర్చుని ఆ మంట చూశాను. కిటికీలోంచి దూరంగా ప్లాంటు గ్యాసు మంట కనపడుతోంది. ఫోను తిప్పి అదే చూపించాను, మా భోగి ఇదేనని. "ఆర్పేయమనరా, అరిష్టం" అంది అమ్మ. ఆవిడకి గ్యాసు మంట ఏదైనా ఒకటే.

ఉత్తరాయణం మీద మాకు బళ్లో ఒక మాస్టారు పెద్ద ఉపన్యాసం ఇచ్చేవారు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే, మన పంచాంగం మూడు వారాలు వెనకబడిందని. ఆయన మాట సైన్సు ప్రకారం నిజమే. కానీ ప్రూడో బేలో డిసెంబరు 22న ఏ తేడా తెలియదు, చీకటి చీకటే. సూర్యుడు కంటికి కనపడేది జనవరి 18 ప్రాంతంలో. మన సంక్రాంతికి మూడు నాలుగు రోజులు అటు. ఇక్కడికొస్తే మాస్టారు ఓడిపోతారు.

18న మబ్బు. 19న గాలిలేచి నేలమీది మంచునంతా పైకెత్తింది. బళ్లు ఒంటరిగా కదలడం నిషేధించారు. 20న పగలు పదకొండున్నరకి అలారం పెట్టుకుని లేచాను. మర్నాడు ఇంటికి విమానం, ఇదే ఆఖరి అవకాశం. కోటు, ముఖానికి గుడ్డ, రెండు జతల చేతితొడుగులు, బూట్లు, మొత్తం పావుగంట పట్టింది. బయటికొస్తే మైనస్ 38, గాలి లేదు. క్యాంపు దక్షిణపు గోడ పక్కన అప్పటికే పదిమంది ఉన్నారు. వంటవాళ్లు ఏప్రన్ల మీదే కోట్లు కప్పుకుని వచ్చారు. పిట్ వాచర్ కూడా ఉన్నాడు. నా పాళీవాడే, అతనూ నిద్ర మానుకునే వచ్చాడు. "మా ఊళ్లో ఇంకో మూడు రోజులు పడుతుంది" అన్నాడు. ఇంకెవరూ ఏం మాట్లాడలేదు.

పన్నెండు దాటాక దిగంతం మీద ఒక చోట రంగు చిక్కబడింది. తర్వాత అక్కడ నిప్పుకణిక పెట్టినట్టు ఒక అంచు. గుండ్రం లేదు, చీలికే. అది పైకి లేవలేదు. నేలవెంటే పక్కకి జరిగింది, గట్టు మీద నడిచే మనిషిలా. మా కోట్ల మీద గులాబీరంగు పడింది, వేడి మాత్రం రవ్వంత కూడా లేదు. వెనక్కి తిరిగితే మా నీడలు మంచు మీద చాలా దూరం వెళ్లి, ఒక బండి చక్రం దాకా పోయాయి. రెండు వారాల్లో నాకు ఎండ నీడ కనపడటం అదే మొదలు. తొడుగు తీసి ఫోటో తీశాను. ఒక్కటే వచ్చింది, ఈలోపు చలికి ఫోను ఆరిపోయింది.  వంటవాళ్లు ముందు లోపలికి వెళ్లారు.

గదిలోకొచ్చి, ఫోను వెచ్చబడ్డాక ఆ ఫోటో అమ్మకి పంపి పడుకున్నాను. అక్కడ తెల్లవారుజాము నాలుగు కావస్తూ ఉంటుంది.

సాయంత్రం పాళీకి లేచేసరికి జవాబుంది. "ఇది పొద్దు పొడవడమా, వాలడమా నాన్నా?"

"మధ్యాహ్నమమ్మా" అని రాశాను.

రిగ్గు దగ్గర గరాటు కడుగుతుంటే మళ్లీ మోగింది. "సరిగ్గా చూసి చెప్పు" అని ఉంది. ఫోను జేబులో పెట్టి, గరాటు నింపి, గడియారం నొక్కాను.